రంగు వచ్చేదాకా

కప్పును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టి చూశాడు. ఇంకా పసుపు కొడుతోంది.

మళ్ళీ పొయ్యి గట్టు దగ్గరికి వచ్చాడు. సీసాలోంచి ఇంకో చెంచా మాచా, అదే జపాను పచ్చ టీ పొడి, తీసి టీ జల్లెడలో వేసి, వేలితో తట్టి గిన్నెలోకి రాల్చాడు. కొంచెం వేడినీళ్ళు పోసి వెదురు కవ్వంతో గిలక్కొట్టాడు. మణికట్టే కదలాలి, మోచెయ్యి కదలకూడదు. భార్య అలాగే నేర్పింది. నురగ లేచాక దాన్ని కప్పులోని పాలల్లో కలిపి, మళ్ళీ కిటికీ దగ్గరికి నడిచాడు. ఈసారి కుదిరింది. మొదటి రోజు ఏ ఆకుపచ్చో, ఇవాళా అదే.

ఆవిడ ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేసేది. పాలతో ఈ మాచా లాటే కలపడం అక్కడే పట్టుబడింది. ఆ పని పోయాక ఇంట్లోనే రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక కప్పు చేసుకుని, కాళ్ళు చాపుకుని తాగేది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ తనకోసం చేసుకున్న పని అదొక్కటే. ఆయన "గడ్డి నీళ్ళు" అని వెక్కిరించేవాడు.

ఇప్పుడు ఆవిడ కడుపులో అది తప్ప ఇంకేదీ నిలవడం లేదు. "బరువు తగ్గకుండా చూసుకోండి. నెలాఖరుకు ఆపరేషన్ చేద్దాం" అన్నాడు డాక్టరు. అందుకని పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు, చిక్కటి పాలతో. పోయిన వారం తూకంలో ముల్లు కిందికి దిగలేదు. ఆ రోజంతా ఆయన ఈల వేస్తూ పనిచేశాడు.

మొదటిసారి ఆవిడ వంటగది గుమ్మంలో పీట మీద కూర్చుని అన్నీ చెప్పింది. ఒక చెంచా పొడి అంది. ఆయన చెంచా లెక్క పట్టించుకోలేదు, రంగు కంట్లో పెట్టుకున్నాడు. పొడిని రేకు డబ్బాలోంచి గాజు సీసాలోకి మార్చి కిటికీలో పెట్టాడు, రంగు కనబడుతూ ఉంటుందని. ఎండ తగిలి పొడి వెలుస్తూ వచ్చింది. వెలిసిన రంగుకు మందు ఇంకాస్త రంగే కదా. చెంచా కాస్తా ఒకటిన్నర అయింది, తర్వాత రెండు, ఇవాళ మూడు.

"ఇదిగో, చూడవే. మొదటి రోజు కప్పుకీ దీనికీ తేడా చెప్పు చూద్దాం."

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. కప్పును రెండు చేతులతో పట్టుకుంది.

"నీ చేతిలో తేడా ఎక్కడుంటుందయ్యా" అంది.

కళ్ళు మూసుకుని ఒక్కో గుక్కా మింగి, ఆగి ఊపిరి తీసుకుంది. రోజూ అంతే. రోజూ చివర్లో ఖాళీ కప్పు బోర్లించి చూపించేది. ఇవాళ సగంలో ఆగింది.

"మిగతాది తర్వాత తాగుతాలే."

"బాగాలేదా?"

"బాగుంది. నువ్వు చేశాక బాగుండక ఏమవుతుంది?"

"ఇంకొక్క గుక్క."

ఆయన ముఖంలోకి చూసి ఇంకొక్క గుక్క తాగింది. "ఇక వెళ్ళు. షాపులో గోడలన్నీ నీ కోసం ఏడుస్తుంటాయి."

కప్పు మీద సాసరు మూసి, పక్క వీధిలో ఉండే మరదలు రాగానే ఆయన బయల్దేరాడు.

పెయింట్ల షాపులో రంగులు కలపడానికి మిషను వచ్చి పదేళ్ళయింది. అయినా పాత గోడకు అతుకు వెయ్యాలంటే అందరూ ఆయన బల్ల దగ్గరికే వస్తారు. ఇవాళ ఒక పెయింటరు కాగితంలో గోడ పెచ్చు కట్టుకొచ్చాడు.

"మేస్త్రీ, ఈ గోడ వయసెంతుంటుంది?"

"నీకంటే పెద్దది. మర్యాదగా పట్టుకో."

తెలుపులో పచ్చ, పచ్చలో చుక్క నలుపు. కర్రతో కలిపి, బొటనవేలి గోరు మీద రాసుకుని, పెచ్చు పక్కన పెట్టి చూశాడు. తడిగా ఉన్నప్పటి రంగును నమ్మకూడదు. ఆరేదాకా ఆగాలి.

పెయింటరు తుమ్మాడు. "ఈ థిన్నరు ఘాటులో ఎలా కూర్చుంటావయ్యా బాబూ!"

"నా ముక్కు పోయి ఇరవై ఏళ్ళు. నాలుక కూడా దాని వెనకే పోయింది. కూరలో ఉప్పుందో లేదో మా ఆవిడ చెబితే తెలియాలి."

"అదృష్టవంతుడివి. మా ఆవిడ వంట తింటే నీకు తెలిసేది."

ఇద్దరూ నవ్వారు. గోరు మీది రంగు ఆరి, పెచ్చు రంగులో కలిసిపోయింది. డబ్బా మూత పెట్టి సుత్తితో చుట్టూ కొడుతుంటే ఫోను మోగింది.

"బావా, ఒకసారి ఇంటికి రా" అంది మరదలు. మూత మీద మిగిలిన రెండు దెబ్బలూ కొట్టి, డబ్బా పెయింటరు చేతికిచ్చి బయటికి నడిచాడు.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయిందని చెప్పింది మరదలు. తను నీళ్ళు పట్టుకుని లోపలికి వచ్చేసరికే అయిపోయిందట.

మనుషులు వచ్చారు, వెళ్ళారు. ఆవిడను తీసుకెళ్ళడమూ అయింది. పొద్దు వాలకముందే ఇల్లు ఖాళీ అయింది.

మరదలు కప్పు కడగబోతూ సాసరు తీసింది. వేలు ముంచి నాలుకకు రాసుకుని ఆగిపోయింది.

"బావా, ఇందులో ఎంత పొడి వేశావు?"

"మూడు చెంచాలు."

"మూడా! రోజూనా?"

"రంగు వచ్చేదాకా."

"చేదు విషంలా ఉంది బావా. అక్క ఎలా తాగింది దీన్ని?"

ఆయన కప్పు తీసుకున్నాడు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు. రంగు సరిగ్గానే ఉంది. మిగిలిందంతా ఒక్క గుక్కలో తాగేశాడు. గొంతులో చల్లదనం తప్ప ఇంకేమీ తెలియలేదు.

"బాగుందనే చెప్పిందే" అన్నాడు.

మరదలు లోపలికి వెళ్ళి పక్క మడతపెట్టసాగింది. దిండు ఎత్తేసరికి దాని కింద కాగితం పొట్లం ఒకటి కనబడింది. అది విప్పి కిటికీ గట్టు మీద ఆయన ముందు పెట్టింది.

పొట్లంలో చక్కెర తడికి గడ్డకట్టి ఉంది. ఒక మూల వేలికొన పట్టేంత గుంట పడి ఉంది.