బుధవారం చేరినవాళ్లు

సాయంత్రం అయిదింటికి విజయేందర్ రిటైరవుతాడు. ఆలోపల అతనికి ఒక అబద్ధం మీద సంతకం కావాలి.

పొద్దున్నే అబిడ్స్ పోస్టాఫీసు ఎదుట ఎల్లేష్ స్కూటర్ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే సెలెక్షన్ లిస్టు, ఒకే ఆర్డర్, నాంపల్లిలో ఒకే ఆఫీసు. వయసులో పెద్ద కాబట్టి ఎల్లేష్ రెండేళ్ల కింద రిటైరయ్యాడు. అతనికి నెలనెలా పాత పింఛన్ పడుతోంది. విజయేందర్‌కు పడదు. తేడా ఒక్క రోజు.

2004 ఆగస్టు నెలాఖరు. సోమవారం సాయంత్రం ఆర్డర్లు చేతికిచ్చారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన ఉద్యోగాలవి, అందరికీ నలభై దగ్గరపడింది. తెల్లారితే మంగళవారం. మంగళవారం ఎవరైనా కొత్త కొలువులో చేరతారా? విజయేందర్ తల్లి వద్దంది. మిగతావాళ్ల ఇళ్లలోనూ అదే మాట. అందరూ తలంటుకుని, పెడా మిఠాయి డబ్బాలు పట్టుకుని బుధవారం వచ్చారు. ఎల్లేష్ ఒక్కడే మంగళవారం చేరాడు. వద్దనేవాళ్లు అతనికి లేరు, పైగా కిరాయి కట్టలేదని ఇంటి ఓనరు గదికి తాళం వేసేశాడు.

ఆ బుధవారం సెప్టెంబర్ ఒకటి. అందరూ చేరాక, అదే నెలలో సర్కారు ఉత్తర్వు తీసింది. సెప్టెంబర్ ఒకటి నుంచి చేరినవాళ్లకు పాత పింఛన్ లేదంది. వెనక్కి తేదీ వేసి మరీ అంది. జీతంలో పదోవంతు కోసి మార్కెట్లో పెడతారట, చివర్న కొంత చేతికిచ్చి మిగతాది ఇన్సూరెన్స్ కంపెనీకి అప్పగిస్తారట, ఆ కంపెనీ నెలకింతని విదిలిస్తుందట. విజయేందర్‌కు విదిలించేది చాదర్‌ఘాట్‌లో అతనుండే ఇంటి కిరాయికి కూడా చాలదు. ఆ ఇంట్లో భార్య చంద్రిక, మంచం పట్టిన తల్లి. ఇంకో ఆదాయం లేదు. తల్లికి ఈ సంగతి తెలియదు. మంచిరోజు చూసి పంపబట్టే కొడుకు నౌకరీ నిలబడిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

పోయినవారం ఆఫీసులో సెక్షన్ చూసే వైశాలి ఒక దారి చెప్పింది. విజయేందర్ మంగళవారమే వచ్చాడని, ఆఫీసరు లేక మర్నాడు రమ్మన్నామని, ఆనాటి సూపరింటెండెంట్ రాసిస్తే ఫైలు పైకి పంపొచ్చు. "కానీ రిలీవ్ అయ్యేలోపలే సార్. రిలీవ్ అయినంక ఫైలు బంద్," అంది.

ఆ సూపరింటెండెంట్ రాధాకృష్ణమూర్తి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు వెనక సందులో ఉంటాడు.

"ముఖం గట్ల పెట్టకురా. సంతకమే కద, కిడ్నీ అడుగుతలేం," అన్నాడు ఎల్లేష్.

"అబద్ధం రాయమని అడగాలె కద అన్నా."

"సర్కారు వెనక తేదీ వేస్తే జీవో. నువ్వు వేస్తే అబద్ధమా? ఎక్కు."

తలుపు తీసింది రాధాకృష్ణమూర్తి భార్య కోటేశ్వరమ్మ. ఆయన కుర్చీలో ఉన్నాడు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడివైపు ముఖమంతా కిందికి జారింది. కన్ను సరిగ్గా మూతపడదు. మాటకు, చేతికి మాత్రం ఏమీ కాలేదు.

"విజయేందర్ కదూ! బుధవారం బ్యాచ్. పెడాలు తెచ్చింది నువ్వేగా? ఎల్లేష్, నువ్వు ఉత్త చేతుల్తో వచ్చావు."

"నేను ఒట్టి చేతులతోని వచ్చి పింఛన్ పట్టిన సార్. ఈయన పెడాలు పంచి గంగల కలిసిండు."

ఆయన సంగతంతా విన్నాడు.

"సర్వీసంతా ఒక్క దొంగ తేదీ వెయ్యలేదయ్యా నేను."

విజయేందర్ తల దించుకున్నాడు. అడిగేసిన మాట వెనక్కి తీసుకుందామనుకున్నాడు. చంద్రిక గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"రాసివ్వండి," అంది కోటేశ్వరమ్మ వంటింట్లోంచి. "నిజాలు రాసి మనమేం బాగుపడ్డాం గనక?"

ఆయన కాగితం అందుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో అబద్ధం రాసి, కింద పేరు, పెన్షనరు నంబరు వేసి సంతకం పెట్టాడు.

నాంపల్లి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆఫీసులో కుర్చీలు సర్దుతున్నారు. సాయంత్రం సన్మానం. వైశాలి కాగితం చదివి సంతోషపడింది. సాక్షి వివరాలు ఫైలుకు జత చెయ్యాలని నంబరు కంప్యూటర్లో కొట్టింది. కొట్టి ఆగిపోయింది.

"సార్... ఈ సార్ ఉన్నరా?"

"ఇప్పుడే ఆయనింట్ల చాయ్ తాగొచ్చినం మేడం," అన్నాడు ఎల్లేష్.

"చనిపోయిన్రని లేదు. ఉన్నరని కూడ లేదు. లైఫ్ సర్టిఫికెట్ అందలేదని పింఛన్ ఆపిన్రు. బతికున్నట్టు రుజువు లేని మనిషి సాక్ష్యం నేను పైకి ఎట్ల పంపాలె? ఆడిట్‌వాళ్లు నా మెడ పట్టుకుంటరు."

విజయేందర్ గోడకు ఆనుకున్నాడు. ఇంటికెళ్లి అడిగితే చాయ్ ఇచ్చారు గానీ పింఛన్ ఆగిందని వాళ్లిద్దరూ ఒక్క ముక్క అనలేదు.

"పింఛన్ల ఆఫీసు పక్కనే కద," అంది వైశాలి. "సార్‌ను తీస్కపోండ్రి. అయిదింటి లోపల సార్ సిస్టంల బతికితే చాలు, నేను ఫైలు కొట్టేస్త."

"నడువురా," అన్నాడు ఎల్లేష్. "పెద్దమనిషిని బతికిద్దాం."

ఆటోలో తీసుకొచ్చారు. పింఛన్ల ఆఫీసు వరండా నిండా ముసలివాళ్లు. కర్రలు, మందుల సంచులు, నీళ్ల సీసాలు. ముప్ఫై ఏళ్లు ఈ సర్కారును నడిపినవాళ్లు, ఇప్పుడు ఊపిరి ఉందని చూపించుకోడానికి లైనులో నిలబడ్డారు. ఇంతకంటే సిగ్గులేని పని ఏ సర్కారూ కనిపెట్టి ఉండదు.

మూడు దాటాక వంతు వచ్చింది. ఆపరేటర్ ఆకాష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ఇటు చూడుండ్రి తాతా. కండ్లు మూసి తెరువుండ్రి."

ఒక కన్ను మూసుకుంది. రెండోది తెరిచే ఉంది. మళ్లీ. మళ్లీ.

"ముఖం మ్యాచ్ అయితలేదు తాతా. పాత ఫోటోల వేరే ఉంది."

"నా మొహమే బాబూ. సగం పడిపోయింది. మిగతా సగం నాదే."

"ఏందయ్యా," ఎల్లేష్ గొంతు లేచింది. "మనిషి నీ ముంగట నిలబడి మాట్లాడ్తుండు. అనుమానముంటే గిల్లి చూడు!"

"నాకు కనబడ్తుండు అన్నా. మిషన్‌కు కనబడాలె కద. ఆఫీసర్ సార్ చూసి సంతకం పెడ్తే నడుస్తది. సార్ మీటింగ్‌ల ఉన్నరు. జర కూసోండ్రి."

కూర్చున్నారు. నాలుగైంది.

"ఇంట్ల ఎందుకు చెప్పలేదు సార్?" అడిగాడు విజయేందర్.

"ఏం చెప్పమంటావ్? మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఇదే. బతికున్నాను మహాప్రభో అని ఎన్నిసార్లు మొరపెట్టుకుంటాం? సిగ్గేసి మానేశాను. కోటేశ్వరి గాజులు అమ్మి నడుపుతోంది." విజయేందర్ వైపు తిరిగాడు. "నీకు పాత పింఛన్ కావాలంటివి. చూడు. పాత పింఛనంటే ఇదే."

"నాదీ అంతే సార్," అన్నాడు ఎల్లేష్. "నెలది పడ్తది. రిటైరైన నాడు ఇయ్యాల్సిన గ్రాట్యుటీ రెండేండ్లాయె, ఇంక రాలే. ఊకె లక్కీ అంటరు నన్ను."

అందరికీ మోసమే కావచ్చు. కానీ నెలకోసారి పడే మోసం కూడా విజయేందర్‌కు రాదు.

ఫోను మోగింది. చంద్రిక.

"అయిందా?"

"కాలే."

"అత్తమ్మ ఊకె అడుగుతుంది. ఏం చెప్పాలె?"

"షాలువ కప్పిన్రని చెప్పు."

షాలువ ఇంకా కప్పలేదు. అయిదింటికి పావుగంట ఉండగా వైశాలే తెచ్చింది, ప్లాస్టిక్ కవర్లో. రెండో చేతిలో రిలీవింగ్ ఆర్డర్. గబగబా నడిచొచ్చినట్టుంది, ముఖమంతా చెమట.

"అయిందా సార్?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అందరు కుర్చీలల్ల కూసున్నరు సార్. డైరెక్టర్ సార్ సంతకం చేసేసిండు. నేను ఆపలేకపోయిన." కాగితం చాపింది. "మీరు అందిందని పెట్టాలె."

విజయేందర్ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. అంతే. ఫైలు బందయింది. రాధాకృష్ణమూర్తి రాసిచ్చిన అబద్ధం జేబులోనే ఉంది. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు.

వైశాలి వెళ్లలేదు. "నాది కూడ కొత్త పింఛనే సార్. ఇంక పద్దెనిమిదేండ్లుంది. నేనేం చేసుకోవాలె?"

కొంచెం దాచుకోమని చెప్పబోయాడు. ఆమె జీతం ఎంతో, అందులో ఏం మిగులుతుందో అతనికి తెలుసు. షాలువ తీసుకుని, సన్మానానికి రాలేనని అందరికీ చెప్పమన్నాడు.

అయిదయ్యాక ఆఫీసరు బయటికొచ్చాడు, కారు తాళాలు ఊపుకుంటూ. ఎల్లేష్ అడ్డం పోయాడు. ఆయన గడియారం చూశాడు. "ఆఫీస్ టైం అయిపోయింది. రేపు రండి." వెనకాల ఆకాష్ కిటికీ మూశాడు. వరండాలో మిగిలిన ముసలివాళ్లు గొణుక్కుంటూ ఒక్కొక్కరే లేచారు. ఎవరూ గట్టిగా అరవలేదు. అరవాల్సింది. అరిచే ఓపిక ఉండగా వీళ్లను ఎవరూ లైనులో నిలబెట్టరు.

గేటు దగ్గర రాధాకృష్ణమూర్తి ఆగాడు.

"నీ పని చెడింది. నా మూలంగానే చెడింది. ఇంక ఇంటికెళ్లవయ్యా."

"రేపు పొద్దున పదింటికి వస్త సార్. తయారుగ ఉండుండ్రి."

"ఎందుకు? రేపు నేను బతికినా నీ ఫైలు లేవదు."

"మీ పని కాలే కద."

"రానియ్యుండ్రి సార్," అన్నాడు ఎల్లేష్, ఆటో కోసం చెయ్యెత్తుతూ. "రేపటి సంది వీనికి వేరే పనేముంది?"

మొదటి ఆటో ఆగలేదు. రెండోదీ ఆగలేదు. ముగ్గురూ రోడ్డు పక్కనే నిలబడ్డారు.