పెయింటు బకెట్‌లో ఉర్లగడ్డలు

నేను ఒక పెయింటు బకెట్‌ని. ఇరవై లీటర్లవాణ్ణి, తెల్లటివాణ్ణి. ఎవరి బతుకు ఎలా గడుస్తుందో నాకు తెలియదు గానీ నా బతుకంతా అదిరిపడడంతోనే సరిపోయింది. ఇప్పుడు చెప్పబోయే సంగతికైతే నాకు ఇంకా నోట మాట రావడం లేదు. ఒళ్ళంతా నోరే ఉండి ఏం లాభం?

పుట్టుకతోనే మొదటి అదురు. కరిగిన ప్లాస్టిక్ ముద్దను అచ్చులో వేసి నొక్కితే బకెట్‌నయ్యాను. ఊపిరి తీసుకునేలోగా మెడదాకా దంతం రంగు పెయింటు పోసి మూత బిగించారు. ఆ చీకట్లోనే లారీ ఎక్కి, తెనాలిలో ఒక కొట్లో దిగి, పెయింటర్ మస్తాన్ సైకిల్‌కి వేలాడుతూ శేషారత్నమ్మ ఇంటికి చేరాను. ఆవిడ కొడుకు కోటేశ్వరరావు పెళ్ళని ఇల్లంతా నా రంగే వేశారు. వచ్చినవాళ్ళంతా గోడలను మెచ్చుకున్నారు. నన్ను మాత్రం గీకి గీకి ఖాళీ చేసి దొడ్లో పంపు కింద పడేశారు.

అదే వారం నాలాగే బయటినుంచి ఆ ఇంటికి ఇంకొకరు వచ్చారు. కొత్త కోడలు మునిలక్ష్మి. పలమనేరు దగ్గర పల్లెటూరి పిల్ల. వాళ్ళ నాన్నది బంగాళాదుంపల సేద్యం. ఆమె వాటిని ఉర్లగడ్డలంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా అత్తగారు నవ్వేది. కోడలు కూడా నవ్వేది గానీ కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత కొన్నేళ్ళు స్నానాల నీళ్ళు మోశాను, ఉతికిన బట్టలు మోశాను. పేడనీళ్ళు కలిపిన రోజు సిగ్గుతో చితికిపోయాను. అయినా నీళ్ళు పట్టుకునేవాడికి ఒక పరువుంటుంది కదా, దాంతో సరిపెట్టుకున్నాను. ఆ పరువు కూడా ఒక కార్తీకమాసం పొద్దున పోయింది. మునిలక్ష్మి ఇనుప చువ్వను పొయ్యి మీద ఎర్రగా కాల్చి తెచ్చి, నన్ను బోర్లించి, నా అడుగున చిల్లులు పొడిచింది. బకెట్‌కి చిల్లంటే ఏమిటో మీకు తెలుసా? ఇక నేను ఎందుకు పనికొస్తానని బెంబేలెత్తిపోయాను.

వంటింటి బుట్టలో మొలకలొచ్చిన దుంపలుంటే అత్తగారు పారేయబోయింది. కోడలు అడిగి తీసుకుంది. మొలక మొలకకీ ఒక ముక్క కోసి, కోసినచోట బూడిద రాసి, నాలో సగం దాకా మట్టీ ఎరువూ నింపి అందులో పాతింది. బజారులో పోగులు పోసి అమ్ముతుంటే బకెట్‌లో పండించుకునే ఖర్మ మనకేమిటని అత్తగారు సణిగింది. మునిలక్ష్మి మట్టి అదుముతూనే ఉంది. పక్కన కూర్చున్న ఐదేళ్ళ కూతురు హారికకి మాత్రం, చిన్నప్పుడు తాను పొలంలో చిట్టి గడ్డలు ఏరి నిప్పుల్లో కాల్చుకుని తిన్న కథ చెప్పింది. గడ్డ సంచీలోంచి రాదు, మట్టిలోంచి వస్తుందని ఆ పిల్లకి చూపించాలని ఆమె ఆశ.

మొక్కలు లేచాయి. అవి పెరిగేకొద్దీ ఆమె వాటి మొదళ్ళకి మట్టి ఎగదోస్తూ వచ్చింది. నా అంచు దాటి ఆకు గుబురుగా కమ్మింది. నేనే ఒక తోటనయ్యానని మురిసిపోయాను. అత్తగారు కూడా పొద్దున్నే వచ్చి నిలబడి చూసేది. ఆవిడ చూపు మొక్క మీద కాదని, లేత ఆకు మీదని నాకు ఆలస్యంగా తెలిసింది. తోటకూర, గోంగూర, చుక్కకూర, ఏది కనిపించినా ఆవిడకి పప్పే గుర్తొస్తుంది. ఆ వీధిలో ఆవిడ పప్పుకి అంత పేరు. బంగాళాదుంపను జన్మంతా వండింది గానీ దాని మొక్కను చూడడం అదే మొదలు.

ఆదివారం. కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. శేషారత్నమ్మ జల్లెడ పట్టుకుని వచ్చి నా మొక్కల చివుళ్ళన్నీ చకచకా తుంచేసింది. మీ అమ్మ ముచ్చటపడి పెంచింది, పప్పులో వేస్తే ఎంత సంతోషిస్తుందో చూడు అని మనవరాలితో చెప్పింది. ఆవిడ మనసులో ఇంకేమీ లేదు. నేను సాక్షిని.

మధ్యాహ్నం అందరూ వెనక వరండాలో ఎండపొడ తగిలేలా కూర్చున్నారు. శేషారత్నమ్మ మనవరాలికి నెయ్యి వేసి అన్నం కలిపింది. కోడలు మజ్జిగ చెంబుతో వస్తూ నా వంక చూసింది. బోసిపోయిన కొమ్మలు చూసింది. తర్వాత కూతురి కంచం చూసింది. చెంబు కింద పడింది. ఒక్క అంగలో వచ్చి హారిక చేతిలో ముద్ద కొట్టేసి, నోట్లో వేలు పెట్టి తీయించి, పప్పు గిన్నె ఎత్తి తెచ్చి నా మీద కుమ్మరించింది. పొగలు కక్కే పప్పు నా మట్టి మీద.

"దీని ఆకు తినగూడదత్తా. విషం. మా వూర్లో మేకలు గూడా ముట్టవు," అంది రొప్పుతూ.

శేషారత్నమ్మ ముఖం కందగడ్డయింది. "చేమాకు తింటాం, చిలగడదుంప ఆకు తింటాం, ముల్లంగాకు తింటాం. దీనికేం మాయరోగం? నా చేతి పప్పు విషమా?" అంది.

కోటేశ్వరరావు సర్దిచెప్పబోయాడు. దాంతో అగ్గికి ఆజ్యం పోసినట్టయింది. ఆవిడ తనకోసం విడిగా తీసుకున్న గిన్నెడు పప్పూ కంచంలో ఒంపుకుని, కోడలు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా విదిలించుకుని, అందరూ చూస్తుండగా ఆఖరి మెతుకు దాకా తింది. మనిషి పంతానికి ప్రాణాన్ని కూడా పప్పులో నంజుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నాకైతే చిల్లుల్లోంచి మట్టంతా జారిపోయినట్టనిపించింది.

సాయంత్రానికి వాంతులు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చి వరండాలో పడుకుంది. పక్కింటి భారతమ్మ పరుగున వచ్చి ఏం తిన్నావని అడిగింది. కోడలు పెంచిన మొక్కేదో, అని శేషారత్నమ్మ కళ్ళు మూసుకుంది. అందులో అబద్ధం లేదు. నిజం సగమే ఉంది. మిగిలిన సగం వీధి పూరించింది. విషపు మొక్క పెంచి కోడలు అత్తకి పెట్టిందని దీపాలు పెట్టే వేళకి వాడంతా పాకిపోయింది.

నాకు మతిపోయింది. చూసినవాణ్ణి నేనున్నాను, చెప్పలేను. చెప్పగల మనిషి అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఒకరోజు మునిలక్ష్మి భారతమ్మ ఇంటికి పులిహోర పంపింది. కప్పిన గుడ్డ కప్పినట్టే గిన్నె తిరిగొచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని నా పక్కన కూలబడి ఏడ్చింది. మొక్కలు పీకేయబోతే హారిక అడ్డం వచ్చి, మరి గడ్డలేవమ్మా అంది. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి శేషారత్నమ్మ ఇదంతా చూసింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మాఘం దాటేసరికి ఆకులు పండి మొక్కలు వాలిపోయాయి. మునిలక్ష్మి గోనె పరిచి నన్ను తలకిందులు చేసింది. అబ్బ, నా కడుపులో ఇన్ని ఉన్నాయా! నిమ్మకాయలంతవి కొన్ని, గోలీలంతవి కొన్ని. హారిక చప్పట్లు కొట్టింది. పైకి తేలి ఎండ తగిలి పచ్చబడ్డ ఒకదాన్ని మాత్రం, ఇది గూడా తినగూడదని ఆమె దూరంగా విసిరేసింది. మిగిలినవి కడిగి, తొక్కతోనే ఉడికించి, కరివేపాకు తాలింపులో ఎర్రగా వేయించి, పప్పుల పొడి చల్లింది. వాసన దొడ్డంతా కమ్మింది. తీరా మూకుడు తెచ్చి వరండాలో పెట్టాక ఆమెకే ధైర్యం చాలలేదు. ఎవరినీ తినమని పిలవకుండా తలొంచుకుని నిలబడింది.

శేషారత్నమ్మ లేచింది. పక్కింటి వైపు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, భారతమ్మా, ఒకసారి ఇటు రా అని పిలిచింది. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరి తలలు గోడమీదికి లేచాయి. శేషారత్నమ్మ వచ్చి, బోర్లించి ఉన్న నా మీదే కూర్చుంది. ఆ బరువుకి నేను కిక్కురుమనలేదు.

"ఆ రోజు ఆకు కోసింది నేను," అంది గోడవైపు చూస్తూ. "వండింది నేను. ఈ పిల్ల వద్దంటున్నా పంతానికి తిన్నది నేను. తను ఆపకపోతే నా మనవరాలు కూడా తినేది." కోడలి వైపు చెయ్యి చాచింది. "ముందు నాకు పెట్టమ్మా."

మునిలక్ష్మి మూకుడు అందుకుంది. పెట్టింది. ఆవిడ ఒక్కొక్కటే నములుతూ, గోడమీది తలలు దిగిపోయేదాకా తింటూనే ఉంది. తర్వాత, ఉప్పు కాస్త తగ్గిందమ్మాయ్ అంది. కోడలు నవ్వింది. ఈసారి ఆలస్యం కాలేదు.

ఇప్పుడు నాలో ముల్లంగి వేశారు. శేషారత్నమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తింటున్న ఆకే. అయినా నిన్న నా ముందు వంగి, ఆకు మీద చెయ్యి వేసి, తుంచకుండా ఆగింది. వంటింటి వైపు తిరిగి పిలిచింది.

"అమ్మాయ్, ఇది తినొచ్చా?"