ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళ గది

పొద్దున్నే లేచి తాళాలాయన చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. ఇంట్లో ఊడవాల్సిన గదులు పద్నాలుగు. అద్దెకి దిగినప్పుడు రెండే ఉండేవి.

పదకొండేళ్ళ కిందట ఆయన కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టాడు. కోడ్ ఎక్కడైనా చిక్కుపడితే అక్కడికొచ్చి అడగొచ్చు, తెలిసినవాళ్ళు చెబుతారు, మంచి జవాబు చెప్పినవాళ్ళకి మార్కులు పడతాయి. ఆ ఫోరంలో కొత్త విభాగం తెరిచినప్పుడల్లా తెల్లారేసరికి ఇంట్లో ఒక కొత్త గది వచ్చి ఉండేది. డేటాబేసుల విభాగం పెట్టిన మర్నాడు వంటింటి పక్కన నిలువెల్లా అరలున్న గది వచ్చింది. ఉద్యోగాల విభాగానికి ఇరుకైన పొడుగాటి గది, గోడవారగా బల్ల. బయటి నుంచి చూస్తే మాత్రం మేడ మీద వాటా ఎప్పటిలా రెండు గదులంతే. కింద ఉండే ఇంటాయన ఒకసారి పైకొచ్చి అన్నీ తిరిగి చూసి, “కొత్త గోడలకి మేకులు మాత్రం కొట్టకండి,” అని చెప్పి దిగిపోయాడు. ఊళ్ళో ఉన్న సభ్యులు సెలవు రోజుల్లో వచ్చి ఎవరి విభాగం గదిలో వాళ్ళు కూర్చునేవారు. మంచినీళ్ళు అడిగేవారు, చార్జర్లు మరిచిపోయి వెళ్ళేవారు. ప్రకటనల విభాగంలో ఏడాదికి రెండు ప్రకటనలు కూడా ఉండవు గనక ఆ గదంత ప్రశాంతమైన చోటు ఇంకోటి లేదని ఆయన తల్లి అందులో మంచం వేయించుకుంది.

మొదట్లో ఆయనకి ఇదంతా సరదాగానే ఉండేది. గదులు పెరిగేకొద్దీ నడుము నొప్పీ పెరిగింది. ఫోరంలో ‘సూచనలు’ అని ఒక చోటుంది. కొత్త విభాగాలు ఏవి కావాలో, ఉన్నవాటిలో ఏం మార్చాలో సభ్యులు అక్కడ రాస్తారు. ఈయన మొదటి వాక్యం చదివి, “ఇప్పుడున్న విభాగాలు సరిపోతాయి,” అని కింద రాసి తాళం వేసేసేవాడు. తాళం పడ్డ చోట ఇక ఎవరూ ఏమీ రాయడానికుండదు. అలా ఆ పేరొచ్చింది. ఎవరైనా నిలదీస్తే, “విభాగం పెట్టగానే సరా? ఇల్లు అలకగానే పండగవుతుందా?” అనేవాడు. రోజూ ఊడ్చేవాడు గనక ఆ మాట అనే హక్కు తనకుందనుకునేవాడు.

ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ బల్ల దగ్గర పనిచేసేది. ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి. పిల్లాణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి టేపు లేకుండా కాలరు కత్తిరించగలదు. ఆ ఏడాది అక్కడికి కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మెషిన్ వచ్చింది. మేనేజరు అందరినీ పిలిచి, ఆరు నెలల్లో దానికి కొలతలు ప్రోగ్రాముగా రాసివ్వడం నేర్చుకున్నవాళ్ళు మెషిన్ ముందు కూర్చుంటారనీ, మిగతావాళ్ళు ప్యాకింగుకి వెళ్ళాలనీ చెప్పాడు. ప్యాకింగంటే ఎనిమిది గంటలు నిలబడి చొక్కాలు మడతపెట్టి కవర్లలో దూర్చడం. నలభై నాలుగేళ్ళ మనిషికి అదేం పని. పైగా ఇన్నాళ్ళూ చేతిలో ఉన్న విద్య పక్కన పడేసి.

“నాకు కాస్త నేర్పుతారా?” అని మొగుణ్ణి అడిగింది.

ఆయన రెండు సాయంత్రాలు నేర్పాడు. మూడో సాయంత్రం ఆవిడ ఒక సంగతి మళ్ళీ అడిగింది. “నిన్న చెప్పిందే కదోయ్,” అని ఒక నిట్టూర్పు విడిచాడు. కసరలేదు, విసుక్కోలేదు. నిట్టూర్చాడంతే. ఆవిడ పుస్తకం మూసి, “పోనీలెండి, పొయ్యి మీద పప్పుంది,” అని లేచింది. నిజం చెప్పాలంటే ఆయనకి హాయిగా అనిపించింది. ఫోరంలో నలభై మంది జవాబుల కోసం కాచుకుని ఉన్నారాయె.

అంతా గమనిస్తున్న తల్లి, “ఊరికి ఉపకారి, ఆలికి అపకారి,” అంది మంచం మీంచే. ఆయన కంప్యూటర్ ముందుకి కుర్చీ జరుపుకున్నాడు.

ఆ తర్వాతి వారం ఫోరంలో ‘ఆలస్యం’ అనే పేరుతో ఒక కొత్త సభ్యురాలు చేరింది. దాని వెనక ఎవరున్నారో ఆయన కనుక్కోలేదు. మనకి దాపరికం దేనికి, అది ఆయన భార్యే. “మెషిన్‌కి కాలరు కొలత మారిస్తే చేతుల కొలత కూడా మారిపోతోంది, ఎందుకు?” అని అడిగింది. ప్రశ్న స్పష్టంగా లేదని ఎవరో మూసేశారు. విడమరిచి మళ్ళీ అడిగింది. ఇంతకుముందే అడిగారని ఇంకెవరో మూసేశారు. ముందు అడిగారన్న ప్రశ్న ఎనిమిదేళ్ళ నాటిది, ఆసుపత్రిలో మంచాలు లెక్కపెట్టే ప్రోగ్రాము గురించి. ఆవిడ దాన్ని నాలుగుసార్లు చదివింది. అప్పుడు సూచనల్లోకి వెళ్ళి ఒక కొత్త విభాగం కావాలని రాసింది.

తాళాలాయన ఎప్పట్లాగే మొదటి వాక్యం చదివాడు. ‘మాలాగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి ఒక విభాగం పెట్టండి’ అని ఉంది. పేరు చూస్తే ఆలస్యం. ఆయనకి చమత్కారం తన్నుకొచ్చింది. “సమస్య పేరులోనే ఉంది కదండీ,” అని రాసి తాళం వేశాడు. అరగంటలో అరవై ముగ్గురు నవ్వు గుర్తులు పెట్టారు. అవి ఒక్కొక్కటే పడుతుంటే తనూ నవ్వుకుంటూ కూర్చున్నాడు. వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది.

“జాగ్రత్త,” అన్నాడు కూర్చున్న చోటు నుంచే.

ఆరు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆవిడ పని నుంచి వచ్చి, వేణ్ణీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి.

“ప్యాకింగులో వేశారు,” అంది.

“అదేమిటి? మెషిన్ నేర్చుకోలేదా?”

“రాలేదు.”

“ఎవరినైనా అడగాల్సింది.”

“అడిగాను. మూసేశారు.”

“ఎవరు?”

“మీరే,” అంది ఆవిడ. తర్వాత తన పేరేమిటో చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది. పాల ప్యాకెట్ అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఆయన వెళ్ళి ఆ సూచన తీశాడు. మొదటిసారి చివరిదాకా చదివాడు.

‘మాలాగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి ఒక విభాగం పెట్టండి. మేం అడిగిందే అడుగుతాం, ఏమీ అనుకోకూడదు. అక్కడికి దారి వేరేగా ఉండాలి. మొదటి పేజీ మీదుగా రావాలంటే అందరూ చూస్తారు, సిగ్గుగా ఉంటుంది. వెయ్యి మార్కులు దాటిన పెద్దలు కావాలంటే వినొచ్చు గానీ లోపలికి రాకూడదు. వాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళు నిట్టూరిస్తే మాత్రం మాకు వచ్చింది కూడా మరిచిపోతాం.’

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. ఇన్నేళ్ళుగా మొదటి వాక్యాలే చదివి మూసేసినవి ఎన్నో లెక్క చూడబోయి, రెండు వందలు దాటాక మానేశాడు.

మర్నాడు ఆ విభాగం తెరిచాడు. ఫోరం బాగోగులు తనతో పాటు చూసుకునే తోటి మోడరేటరు ఫోన్ చేసి, “పెద్దల్ని రావద్దనడం ఏమిటండీ, మరి వాళ్ళకి నేర్పేదెవరు? ఆ ముక్క తీసేయండి,” అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. ఒక్క అక్షరం మార్చకుండా ఆవిడ రాసింది రాసినట్టు పెట్టి, వెళ్ళి ఆవిడకి చెప్పాడు.

“ఇప్పుడెందుకండీ,” అంది ఆవిడ. “మెషిన్ ముందు ఇంకొకావిడ కూర్చుందిగా.”

తెల్లవారి ఆయన చీపురు పట్టుకుని కొత్త గది కోసం ఇల్లంతా వెతికాడు. పద్నాలుగే ఉన్నాయి. ఈసారి గది రాలేదేమో అనుకుంటుండగా తల్లి కేకేసింది, “ఒరేయ్, నా గోడవతల ఎవరో కుర్చీ జరుపుతున్నారు.” ఆయన దిగి వెనక సందులోకి వెళ్ళి చూశాడు. గోడని ఆనుకుని ఇనుప మెట్లు, పైన ఒక తలుపు. ఎక్కి తోశాడు. తలుపు కదల్లేదు. ఇంతలో నర్సు యూనిఫారంలో ఒకావిడ ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, వేలితో తాకితే తెరుచుకుంది.

“మీరూ కొత్తేనా?” అని అడిగింది.

“కాదండీ. పదకొండేళ్ళయింది.”

“అయ్యో,” అంది ఆవిడ జాలిగా. ఆవిడ వెనకే తలుపు మూసుకుంది.

భార్య వారం రోజులు అటువైపు వెళ్ళలేదు. ఎనిమిదో రోజు పని నుంచి వస్తూ సందులోకి మళ్ళింది. ఆ తర్వాత రోజూ వెళ్ళేది. అత్తగారు కూడా మోకాళ్ళు పట్టుకుంటూ ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆవిడకి మార్కులు సున్నా గనక తలుపు అభ్యంతరం చెప్పలేదు. తల్లి లేని సమయంలో తాళాలాయన ఆవిడ మంచం మీద కూర్చుని గోడకి చెవి ఆనించేవాడు. గోడలకి చెవులుంటాయంటారు. ఆయన చెవికి మాత్రం గోడే దిక్కయింది.

ఒకరోజు లోపల ఎవరో తప్పు చెబుతున్నారు. ఉండబట్టలేక గోడ ఇవతలి నుంచే, “అలా కాదు,” అని సరైన జవాబు గట్టిగా చెప్పాడు. చెప్పింది సరైనదే. అవతల మాటలు టక్కున ఆగిపోయాయి. ఒక్కొక్కళ్ళే మెట్లు దిగిపోయిన చప్పుడు వినిపించింది. అప్పటి నుంచి ఆయన నోరు కుట్టేసుకున్నాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి అవతల ఎక్కువగా వినిపించే గొంతు భార్యదే. “నలభై చొక్కాలకి ఒకటే కాలరనుకో. నలభైసార్లు చెప్పుకుంటామా? ఒకసారి చెప్పి, ఇలాంటివి నలభై అంటాం. లూప్ అంటే అంతే,” అంటోంది. ఎవరో అర్థం కాలేదన్నారు. ఆవిడ మళ్ళీ చెప్పింది. మూడోసారీ చెప్పింది, ఈసారి చొక్కాలు వదిలేసి బొత్తాలతో. నర్సు నవ్వింది, ఆవిడా నవ్వింది. ఆవిడ అంత పెద్దగా నవ్వగలదని ఆయనకి తెలియదు. తన దగ్గర నేర్చుకున్న రెండు సాయంత్రాల్లో ఆవిడ నవ్విందేమో గుర్తుచేసుకోబోయాడు. ఏమీ గుర్తురాలేదు. అలాగే కూర్చుని ఏడ్చాడు.

ఒక శనివారం గోడవతల ఆవిడ, “మీకందరికీ ఒక మాట చెప్పాలి,” అంది. వాళ్ళ కంపెనీ వేరే ఊళ్ళో కొత్తగా కుట్టుకేంద్రం పెడుతోందట. అక్కడ ముప్ఫై మంది కత్తెర పనివాళ్ళున్నారట. మెషిన్ ముందు కూర్చున్నావిడ చిక్కుపడ్డప్పుడల్లా ప్యాకింగు నుంచి ఈవిడే వెళ్ళి సరిచేయడం చూసి, వాళ్ళకి మెషిన్ నేర్పడానికి రమ్మని మేనేజరు అడిగాడట. రెండేళ్ళు ఉండాలి, ఒకటో తారీకున వెళ్ళాలి. లోపల చప్పట్లు కొట్టారు. వాటిలో తన తల్లి చప్పట్లు కూడా ఆయన పోల్చుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఎదురుచూశాడు. ఆవిడ మజ్జిగ దాకా ఏమీ మాట్లాడలేదు.

“విన్నాను,” అన్నాడు చివరికి.

“మీకే ముందు చెబుదామనుకున్నానండీ. వారం నుంచీ అనుకుంటూనే ఉన్నాను. చెబితే వెనకే ఒకటి అడగాలి, అందుకని ఆగాను.”

“ఏం అడగాలి?”

“మీరూ వస్తారా అని.”

“మరి అడగలేదేం?”

“మిమ్మల్ని ఏదైనా అడగాలంటే నాకింకా భయమేనండీ,” అంది ఆవిడ. “ఒక్కదాన్నే వస్తానని వాళ్ళకి చెప్పేశాను. ఒక్క మనిషికి సరిపోయే గది చూశారు.”

ఒకటో తారీకున ఆవిడ పెట్టె ఆయనే బస్సు దాకా మోసుకెళ్ళి పైన సర్దాడు. దిగి కిటికీ దగ్గర నిలబడి, బస్సు కదిలేలోపు అడుగుతుందేమోనని ఆవిడ ముఖమే చూస్తున్నాడు. అడిగితే ఉన్నపళాన ఎక్కేవాడు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆయన చొక్కా కాలరు సరిచేసి, “అత్తయ్యకి మోకాళ్ళ మందు పొద్దునా సాయంత్రం మరిచిపోకండి,” అంది.