తోకకమ్మీ మీద పేరు

మూడోసారి కూడా ఆ కమ్మీ సరిగ్గా అక్కడే విరిగింది. సమాధానమనే ట్రాక్టరు డ్రైవరు రెండు ముక్కలనూ గోనెసంచిలో మోసుకొచ్చి కొలిమి ముందు దించేసరికి కమ్మరి కామాక్షయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను చేస్తా ఉండేది కమ్మీలా, చెరుకు గడలా?" అని అరిచాడు.

ట్రాక్టరు వెనక ఉప్పుబస్తాల తొట్టిని తగిలించే లావుపాటి ఇనుప పట్టీ అది. సమాధానం దాన్ని డ్రాబారంటాడు. ఊళ్లో మిగతా అందరూ తోకకమ్మీ అంటారు. ట్రాక్టరుతో పాటు వచ్చిన అసలు కమ్మీ వేసవిలో వంగిపోతే, కొత్తది మద్రాసు నుంచి రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. "మన ఆచారి ఉండగా మద్రాసెందుకు?" అన్నాడు ట్రాక్టరు యజమాని మాల్యాద్రి నాయుడు. ఆ ఒక్క మాటకు కామాక్షయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. బిట్రగుంట రైలు షెడ్డు వేలంలో పాత ఇనుము తెచ్చి, అసలుదానికంటే దిట్టంగా సాగగొట్టి ఇచ్చాడు. అది నెలకు విరిగింది. రెండోది ఇరవై రోజులకు విరిగింది. ఇప్పుడిది పక్షం కూడా ఆగలేదు.

ఇంటి ముందు నాగళ్లకు కర్రులు సాగగొట్టించుకోవడానికి వచ్చిన రైతులు నలుగురున్నారు. వాళ్లలో ఒక్కడూ నోరు విప్పలేదు. అదే కామాక్షయ్యను ఎక్కువ కాల్చింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఊరుకుని గడ్డం గోక్కునేవాణ్ణి ఏం చెయ్యగలం?

ముక్కలు భుజాన వేసుకుని నాయుడి వాకిట్లోకి పోయాడు. వెనకే సమాధానం వచ్చాడు. నాయుడు మబ్బువంక చూస్తూ నిలబడి ఉన్నాడు. కొటార్లలో ఉప్పు కుప్పలు కుప్పలుగా పడి ఉంది. వాన దిగితే సగం నీళ్లపాలే.

"ఆచారీ, ఈరోజు తేల్చి చెప్పు. లోపం ఇనుములో ఉండాదా, తోలేవాడిలో ఉండాదా?"

ముప్పై ఏళ్లుగా కామాక్షయ్య చేతి పనికి వంక పెట్టినవాడు లేడు. ముత్తుకూరు దాకా అతని గడ్డపారలే. ఆ ప్రశ్న వినగానే అతని నోరు అతని కంటే ముందు లేచింది.

"నా ఇనుములో లోపముంటే ఈ పొద్దే కొలిమి ఆర్పేసుకుంటా నాయుడుగారూ! ఆ పడమటి వాగు దాటు కాడ వీడు బండిని ఎగరేసి దూకిస్తా ఉండాడు. అట్టా తోల్తే వజ్రాయుధమైనా ఇరుగుద్ది."

"లేదయ్యా, దాటు కాడ మొదటి గేరులోనే పోతా ఉండా," అన్నాడు సమాధానం. "కావాలంటే ఎవురినన్నా ఎక్కి చూడమనండి."

"మూడుసార్లు చూసినాం గదా, ఇంకేం చూసేది!" అన్నాడు కామాక్షయ్య.

ఆ మాటతో తీర్పయిపోయింది. నాయుడుపేట నుంచి లారీ తోలే మనిషిని పిలిపిస్తాననీ, రేపటి నుంచి సమాధానం రానక్కరలేదనీ నాయుడు చెప్పాడు. సమాధానం మొలలో నుంచి తాళంచెవి తీసి అరుగుమీద పెట్టి, చేతులకంటిన గ్రీజు లుంగీకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. కామాక్షయ్యకు హమ్మయ్య అనిపించింది. తన మాట నిలిచింది, అంతే చాలుననుకున్నాడు.

లోపల్నుంచి నాయుడి తల్లి వెంకటశేషమ్మ కేక వేసింది. "కొత్తదాని మీద కూడా పేరు కొట్టడం మర్చిపోబాక! ఎరువిచ్చిన వస్తువు పేరు లేకపోతే తిరిగిరాదు."

ఆమెకదొక పిచ్చి. ఆ ఇంట్లో బిందె మొదలు గరిటె దాకా పేరు లేని వస్తువు లేదు. కమ్మీకి కూడా బిందె మర్యాదే జరిగింది. తొట్టి తగిలించేవాడికి కంటబడేలా కమ్మీ పైముఖాన 'మాల్యాద్రి నాయుడు' అని ఉలితో చెక్కించింది. కామాక్షయ్యకూ అది ఇష్టమైన పనే. పెన్సిలు పట్టి నాలుగు ముక్కలు రాయలేడు గానీ, ఉలి పడితే అచ్చువేసినట్టుంటాయి అతని అక్షరాలు. అందులోనూ 'ల్యా' కింద యవత్తును కమ్మీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వయ్యారంగా దించేవాడు. వరిగింజ పడుకునేంత లోతు. వందేళ్లయినా చెరగదని చెప్పుకునేవాడు.

మర్నాడు నాలుగో కమ్మీకి ఇనుము తీశాడు. అంత లావు ముక్కను కోసే రంపం అతని దగ్గర లేదు. తాతల నాటి పద్ధతే దిక్కు. కావలసిన చోట ఉలితో ఒక గాటు పెట్టి, ఆ గాటును దాగలి దిమ్మె అంచుకు ఆనించి సమ్మెటతో కొడితే ఎంత లావు ఇనుమైనా ఠప్పున విరుగుతుంది. అతను ముక్క పట్టుకున్నాడు. పెళ్లాం పిచ్చమ్మ సమ్మెట ఎత్తింది. కొలిమి పనిలో ఆమె దెబ్బకు ఊళ్లో మగవాళ్లు కూడా సాటిరారు.

"నాలుగోది గూడా ఇరిగితే ఎవురిమీద పెడతావు? తోలేవాడు కొత్తోడు గదా!" అంది.

"మే, నోరు కాదు, సమ్మెట ఆడించు!"

ఠప్పున విరిగింది. పిచ్చమ్మ వంగి ముక్కను చూసి, మూలనున్న పాత కమ్మీ ముక్కను కాలితో ఇవతలికి లాగింది.

"ఇదేందయ్యా, రెండూ ఒకే మాదిరిగా ఇరిగినాయే?"

"ఇరిగిన ఇనుమంతా ఒకే మాదిరి ఉంటది, నీకేం తెలుసు!" అని కసురుకున్నాడు గానీ, కన్ను ఆ ముక్క మీద నుంచి రాలేదు. దాన్ని ఎండలోకి పట్టుకుపోయాడు. విరిగిన ముఖం మీద పైఅంచు నుంచి తుప్పు చార ఒకటి కిందికి దిగి ఉంది. ఒక్కరోజులో పట్టిన తుప్పు కాదది. అక్కడ ముందే పగులు పుట్టి, రోజుకింత లోపలికి పాకింది. అది మొదలైన చోటు యవత్తు అడుగు. మిగతా రెండు కమ్మీల ముక్కలూ వెతికి తెచ్చాడు. మూడింటికీ యవత్తు దగ్గరే.

కూర్చుండిపోయాడు. దేవుడా, విరగాల్సిన చోట గాటు పెట్టి మరీ ఇచ్చాను గదరా! పదేళ్ల వయసు నుంచి ఇనుమును ఇలాగే విరుస్తున్నవాడికి, తాను పెట్టేది గాటని మూడుసార్లూ తట్టలేదు. పేరు అనుకున్నాడు. తనమీద తనకు వచ్చినంత కోపం ఇంతవరకూ ఎవరిమీదా రాలేదు.

కొలిమి చల్లారే లోపల ఇంకో ఆలోచన వచ్చింది. పేరు లేకుండా కమ్మీ చేసి ఇచ్చేస్తే? ఏదో ఒక సాకు చెప్పొచ్చు. ఇక విరగదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, సగం కమ్మీ ఆ ఊపులోనే సాగగొట్టేశాడు. అప్పుడు గానీ ఆ ఆలోచనలో మిగతా సగం తట్టలేదు. కొత్త డ్రైవరు చేతిలో కమ్మీ విరగకపోతే ఊరేమంటుంది? చూసినారా, ఆ సమాధానం గాడే విరగ్గొట్టినాడు అంటుంది. ఇక ఆ మనిషికి చుట్టుపక్కల ఎవడూ బండి ఇవ్వడు. తాను నోరు మూసుకుంటే, మంచి కమ్మీయే అతని మీద దొంగసాక్ష్యం చెబుతుంది.

"ఛీ!" అని సుత్తి విసిరికొట్టాడు.

కమ్మీ పూర్తయ్యాక, సాయంత్రం సమాధానం ఇంటికి పోయాడు. సమాధానం పెళ్లాం ఎస్తేరమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. సమాధానం గడపలో నిలబడి అతను చెప్పినదంతా విన్నాడు.

"నా ఉలి గాటే అబ్బాయా. నీ తప్పు ఈసమెత్తు లేదు," అని ముగించాడు కామాక్షయ్య.

"ఈ మాట ఈడ మాకు చెప్తే ఏమొస్తది ఆచారయ్యా? నా తప్పు లేదని నాకు తెలుసు గదా. ఆడ చెప్పు, అందరూ ఉన్నప్పుడు."

అది సబబే. సబబైన మాట ఎదురుగా నిలబడితే ఎంత చిరాగ్గా ఉంటుందో కామాక్షయ్యకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున నాయుడి వాకిట్లో ఉప్పుకూలీలూ, నాయుడుపేట లారీ మనిషీ, కర్రుల రైతులూ చూస్తుండగా పేరు లేని కొత్త కమ్మీ పక్కన ఆరు ముక్కలూ వరసగా పేర్చి, మూడు యవత్తులూ వేలితో చూపించి చెప్పాడు. సమాధానం అందరి వెనకా నిలబడి విన్నాడు.

వెంకటశేషమ్మ ఒప్పుకుంటేగా! "పేరు కొడితే ఇరిగిపోద్దా? నలబై ఏళ్ల నుంచి మా బిందెలు ఇరిగినాయా?"

"బిందె మీద నలబై బస్తాల ఉప్పెక్కించి వాగు దాటించలేదు గదమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

జనం గొల్లుమన్నారు. నాయుడు కూడా కడుపు పట్టుకుని నవ్వి, "సరేలే ఆచారీ, అయిందేదో అయింది. ఒరే సమాధానం, తాళం తీసుకో," అన్నాడు. మనిషి పరువును ఎంత తేలిగ్గా పొమ్మన్నాడో, అంతే తేలిగ్గా రమ్మన్నాడు. లారీ మనిషికి బస్సుచార్జీ ఇచ్చి పంపేశారు.

సమాధానం తాళం తీసుకున్నాడు గానీ బండి ఎక్కలేదు.

"ఆచారయ్య వాగు దాటు కాడ నిలబడాలయ్యా. పొద్దుగూకేదాకా. నేనెట్టా తోల్తానో కళ్లారా చూడాల."

కామాక్షయ్య కండువా నెత్తికి చుట్టుకుని వాగు దారి పట్టాడు.

వాగు దాటు దగ్గర చెట్టుచేమ లేదు. ఉప్పుగాలి, ఎండ. ట్రాక్టరు మొదటి గేరులో మెల్లగా దిగి, గుంతలో తొట్టి దడాలున ఊగి, మెల్లగా ఎక్కింది. గట్టెక్కాక సమాధానం బండి ఆపి, దిగి, వెనక్కొచ్చి, నున్నగా ఉన్న కమ్మీని అరచేత్తో తడిమి, మళ్లీ ఎక్కి పోయాడు. కామాక్షయ్య వైపు చూడలేదు. రెండో నడకా అంతే. మూడూ అంతే. తొట్టి ఊగిన ప్రతిసారీ కామాక్షయ్య కన్ను కమ్మీ మీదికే పోయింది. కమ్మీ విరగలేదు. తన పనితనమంతా అందులోనే ఉంది. అయినా అది గట్టిగా నిలిచిన కొద్దీ, ఇలా జాగ్రత్తగా తోలే మనిషి నోట్లో తాను మన్ను కొట్టాననే మాట ఇంకా గట్టిగా తగులుతోంది. పన్నెండో నడకకు పొద్దు వాలింది. "ఇంకపో ఆచారయ్యా," అన్నాడు సమాధానం ఇంజను ఆపకుండానే. కామాక్షయ్య కదల్లేదు. ఆ రోజుకు ఇంకా రెండు నడకలు మిగిలి ఉన్నాయి.