కారం అంటిన పరీక్ష అట్ట

నేను ఒక పరీక్ష అట్టను. ప్యాడ్ అని పిలిచినా పలుకుతాను. చెక్కపొట్టు నానబెట్టి, యంత్రంలో అదిమి, ఎండబెట్టి నన్ను పలకలా చేశారు. నెత్తిన ఇనుప క్లిప్పు బిగించారు. ఆ క్లిప్పు పట్టు చూసుకుని కొత్తలో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

నరసరావుపేటలో నన్ను మొదట కొన్నవాడు దైవసహాయం. పేరుకు తగ్గట్టే పరీక్షలన్నీ దేవుడికే వదిలేశాడు. హాల్లో రాసింది తక్కువ, నా అంచు కొరికింది ఎక్కువ. మిగతా రోజుల్లో నేను క్రికెట్ బ్యాటును. చివరికి ఎలాగో గట్టెక్కి, ఆటో నడపడంలో పడి, నన్ను పల్లెలో ఉండే తన పిన్ని కూతురు సువార్తకు ఇచ్చేశాడు.

సువార్తకు నోట్లోంచి మాట రాదు. తరగతిలో హాజరు పిలిచినా గొంతు పెగలదు. కానీ సాయంత్రం నన్ను ఒళ్ళో పెట్టుకుని డైరీ రాసేటప్పుడు చూడాలి! ఆగకుండా మాట్లాడుతుంది. మనుషులు ఎదుటివాళ్ళతో చెప్పలేనివన్నీ కాగితంతో ఎంత ధైర్యంగా చెబుతారో!

వాళ్ళ ఊళ్ళో పదో తరగతితో బడి ఆఖరు. పైచదువు కావాలంటే పట్నంలోని గురుకుల కళాశాలలో సీటు రావాలి. దానికొక పరీక్ష. తెలుగు పేపరు చివర రెండు కవితలిచ్చి పోల్చమంటారు. ఎక్కువ మార్కులు దానికే.

"సీటొస్తే చదువుకో. రాకపోతే నాతో కల్లానికి రావటమే. ఇంకేం చేయగలనే నేను?" అంది వాళ్ళమ్మ సారమ్మ. ఆమె మిరప కల్లంలో కాయలు ఏరుతుంది. ఆ మాట కోపంతో అనలేదు. అనేసి వేరే వైపు తిరిగి కూర్చుంది.

సువార్త ఎంత బాగా రాసినా తెలుగు చెప్పే సుగుణ టీచరుకు పోలిక వ్యాసం నచ్చేది కాదు. "మొదటి కవిత గురించి అంతా చెప్పేశావు. అది వెళ్ళిపోయాక రెండోది వచ్చింది, బస్టాండులో బస్సుల్లాగా. అవి రెండూ ఎదురుపడాలి గదమ్మా?" అనేది. సువార్త తల దించుకుని నా మీదున్న గీతలు చూసేది. ఎదురుపడటం అంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు.

పరీక్షకు ముందు సెలవుల్లో ఆమె నన్ను తీసుకుని కల్లానికి వెళ్ళింది, చదువుకుంటానని. చదువు కాసేపే. తర్వాత అమ్మ పక్కన కూర్చుని కాయలు ఏరింది. తెల్లబారిన తాలుకాయలు కూడా మంచివాటిలో వేసేసింది.

"ఏందే ఇది? ఆ అట్ట ఇటియ్యి," అంది సారమ్మ. నా మీద ఒక మంచికాయను, ఒక తాలుకాయను ఆనించి పెట్టింది. "ఒక్కదాన్నే పట్టుకు చూస్తే అన్నీ బాగానే కనపడతయ్. రెంటినీ పక్కపక్కన పెట్టు. రంగు పక్కన రంగు, తొడిమ పక్కన తొడిమ. ఇప్పుడు చూడు."

ఆ రోజు నా క్లిప్పు కింద కాస్త కారప్పొడి చేరింది. ఎవరూ తుడవలేదు. ఆదివారం పాస్టరుగారు పిల్లలందరి అట్టల మీదా చేయి ఉంచి ప్రార్థన చేశారు. నా వంతు వచ్చేసరికి గట్టిగా తుమ్మారు. అప్పుడైనా ఎవరికీ అనుమానం రాలేదు.

పరీక్ష రోజు వచ్చింది. చివరి ప్రశ్నలో రెండూ వాన కవితలే. ఒకదాంట్లో రైతు వాన కోసం చూస్తున్నాడు, ఇంట్లో బిందె ఖాళీ. ఇంకోదాంట్లో బస్తీలో ఒక తల్లి, కారే కప్పు కింద బిందె పెట్టి వాన ఆగాలని చూస్తోంది. సువార్త కలం పరుగెత్తింది. రైతు, రైతు బాధ, మళ్ళీ రైతు. పేజీ నిండింది. మొదటి బస్సు బయలుదేరిపోయింది! అరవాలనిపించింది నాకు, కానీ అట్టకు నోరేది?

కాగితం మార్చడానికి ఆమె క్లిప్పు ఎత్తింది. అదే వేలితో కంటి దగ్గర చెమట తుడుచుకుంది.

కళ్ళు రెండూ మూసుకుపోయాయి. నీళ్ళు ధారలు కట్టాయి. ఇన్విజిలేటరు గబగబా వచ్చాడు.

"ఏమ్మా, ప్రశ్న చూసి ఏడుపొచ్చిందా?"

"కాదు సార్... కారం."

"పరీక్ష హాల్లోకి కారం ఎవరు తెచ్చారు తల్లీ!"

హాలంతా నవ్వింది. ఇంకెప్పుడైనా అయితే సువార్త సిగ్గుతో చచ్చిపోయేది. ఈసారి ఆమెకూ నవ్వొచ్చింది. ఆయన ఇచ్చిన సీసా నీళ్ళతో గుమ్మం దగ్గర కళ్ళు కడుక్కుని వచ్చి, నా మీద అమ్మ రెండు కాయలూ పెట్టినప్పుడు పడిన ఎర్రమరకను చూస్తూ నిలబడిపోయింది.

కూర్చుంది. రాసిన పేజీని అడ్డంగా కొట్టేసింది. ఆ గీత నా ఒంటికి తగిలింది. కొత్త కాగితం మీద మొదటి వాక్యం ఇలా పడింది: "ఒక కవితలో బిందె నిండలేదని దుఃఖం, ఇంకొక కవితలో బిందె నిండుతోందని దుఃఖం."

ఆ తర్వాత అన్నీ పక్కపక్కనే. రైతు పక్కన తల్లి, ఆకాశం పక్కన కప్పు. రైతు ఆకాశాన్ని 'నువ్వు' అని పిలిచి అడుగుతున్నాడు. తల్లి ఎవరినీ పిలవక, పిల్లను తడవని మూలకు జరుపుతోంది. ఇద్దరూ పైకే చూస్తున్నారు, పైన వాళ్ళ మాట వినేవాళ్ళు లేరు. ప్రతి వాక్యంలోనూ రెండు కవితలూ ఉన్నాయి. చివరి చుక్క పెట్టాక గంట మోగింది.

సీటు వచ్చింది. ఆ సంగతి తెలిసి సుగుణ టీచరు ఇంటికొచ్చి, "ఏం రాశావే?" అని అడిగింది. సువార్త తల దించుకోలేదు. బిందె వాక్యం చెప్పింది, పైకి, అందరికీ వినపడేలా. టీచరు ఆమె వీపు మీద ఒక్కటి చరిచి, "బస్సులు ఎదురుపడ్డాయే!" అంది.

నా క్లిప్పు వదులైపోయింది. సువార్త కొత్త అట్టతో హాస్టలుకు వెళ్ళింది. నేనిప్పుడు కల్లం పాకలో, మేకుకు వేలాడుతున్నాను. మొన్న కొత్తగా పనికొచ్చినామె, "సారమ్మక్కా, ఆ అట్ట ఇటియ్యవా, ఇసురుకుంటా," అంది.

"దాన్ని ముట్టుకోబాకు," అంది సారమ్మ. "అది పరీక్ష పాసైన అట్ట."

పాసైంది నేను కాదు. అయినా ఆ మాట నేను దిద్దలేదు.