నక్షత్రానికి తోక ఎంత?

బొత్తాల కంపెనీలో కొనుగోళ్లన్నీ వదిన చేతి మీదుగానే నడుస్తాయి. ఏది కొన్నా అందులో ఎంత పనికొస్తుందో, ఎంత చెత్తబుట్ట పాలవుతుందో ముందు చూసే మనిషి. అలాంటామె ఈసారి కంపెనీ క్రిస్మస్ కార్డుకి బొమ్మ ఆడపడుచు చేత గీయించింది. ఆ పిల్ల గీసింది అచ్చుకెళ్లడం ఇదే మొదలు. "కుదరకపోతే పోయినేటి కార్డే మళ్లీ వేయిస్తా" అని కంపెనీ నడిపే వదిన భర్త, అంటే ఆ పిల్ల అన్న, ముందే చెప్పి ఉంచాడు.

బొమ్మ బాగానే కుదిరింది. కుడివైపు నక్షత్రం, ఎడమ అంచుదాకా సాగిన తోక. చిక్కల్లా ముగ్గురూ ప్రెస్సుకి వెళ్లాక వచ్చింది. ప్రెస్సు ముసలాయన స్కేలు పెట్టి కొలిచి పెదవి విరిచాడు.

"ఇంత పొడుగు కార్డుకి కవర్లు దొరకవమ్మాయ్. విడిగా చేయిద్దామంటే పండగ దాటిపోతుంది. రెండంగుళాలు కోసేయాల్సిందే."

బొమ్మని కుదించి చూశారు. నక్షత్రం కాస్తా మిణుగురు పురుగైంది.

"తోక కోస్తే ఇంకేముంది? బొత్తాంలా ఉంటుంది," అంది ఆడపడుచు ఏడుపు గొంతుతో.

"మరీ మంచిది. మనం అమ్మేది అవేగా!" అన్నాడు అన్న.

"మీరు కాసేపు ఊరుకోండి," అంటూ వదిన నమూనా కార్డు అందుకుంది. తెరిచింది, మూసింది, తిరగేసింది. వెనకంతా తెల్లగా ఉంది.

"బాబాయ్, ఈ వెనక భాగానికీ కాగితం కొంటున్నాం కదా. పనీపాటా లేకుండా కూర్చుందేం?"

"అదెప్పుడూ ఖాళీయేనమ్మా."

"మనం ఖాళీగా వదలం. తోకని మడత మీంచి వెనక్కి పోనివ్వండి."

ముసలాయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మడవక ముందు ఆ రెండు భాగాలూ పక్కపక్కనేగా ఉండేది! ఒక్క అచ్చుతో అయిపోతుంది. నలభయ్యేళ్లుగా ఇదే పని, ఈ చోటు నా కంటికి ఆనలేదు చూడు!"

ఆడపడుచు అప్పటికే పెన్సిల్ తీసింది. "అయితే తోక ఇంకా పొడుగు చేయొచ్చు వదినా!"

"చెయ్యి. చోటు మనదే."

మర్నాడు మొదటి కార్డు వచ్చింది. విప్పి బల్ల మీద పరిస్తే ఈ చివర నక్షత్రం, ఆ చివర తోక. అన్న మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పాడు.

"అనుకున్న నాలుగొందల కార్డులు చాలవు, ఇంకో వంద వేయండి," అన్నాడు.

"గీసినవాళ్ల పేరు మూలన సన్నగా వేయమంటారా?" అడిగాడు ముసలాయన.

"సన్నగా ఎందుకు? కంపెనీ పేరు ఎంతుందో అంత వేయండి," అంది వదిన.

"కంపెనీ పేరంత పెద్దగానా!" అని భర్త నోరు తెరిచేలోగానే ఆడపడుచు వదినని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"వదులు పిల్లా, పడేస్తావు!" అంటూనే వదిన ఇంకో చుట్టు తిరిగింది.