ఏడో కాల్పు సున్నం

బుడమేరు పొంగి బెజవాడను ముంచిన ఏడాది అది. వరద తీసిన మూడో నెల. ఆగిరిపల్లి మామిడితోటలోని రేకుల షెడ్డులో, తెల్లవారకముందే సవరయ్య బట్టీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. లోపల మట్టి మూకుట్లో సున్నం కాలుతోంది. కోడిగుడ్డు పెంకుల సున్నం. ఆరుసార్లు వాడి, కడిగి, మళ్లీ కాల్చినది. నూనె జిడ్డుకు ముందు నల్లబడింది, తరువాత బూడిదరంగుకు తిరిగింది, ఇప్పుడు తెల్లబడింది. తెల్లబడ్డాక కూడా కాసేపు ఆగాలి. ఎంతసేపో గడియారానికి తెలియదు, అతని చూపుకు తెలుసు.

పట్టకారుతో చిటికెడు తీసి పళ్లెంలో పెట్టాడు. చల్లారాక ఒక్క నీటిచుక్క వదిలాడు. సుయ్‌మంది.

బతికే ఉంది.

సున్నం కాల్చడం అతనికి తండ్రి ఇచ్చిన విద్య. ఒకప్పుడు ముసునూరు చుట్టుపక్కల గోడలన్నీ వాళ్ల బట్టీ సున్నంతోనే తెల్లగా ఉండేవి. సిమెంటు వచ్చింది, రంగుడబ్బాలు వచ్చాయి, బట్టీ గుంట పూడిపోయింది. మూడో తరగతితో బడి మానినవాడు ఇంకేం చేస్తాడు? మామిడిచెట్లకు పాదులు తవ్వాడు, కాయ కోశాడు, గంపలు మోశాడు. ముప్ఫై ఏళ్లు అతణ్ని సున్నం సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అడిగింది సింధు. తోట యజమాని గోపాలకృష్ణగారి కూతురు. కెమిస్ట్రీ చదివి వచ్చి, కానుగ నూనెతో డీజిల్ చేస్తానని ఈ షెడ్డు వేయించింది.

"నూనెనీ స్పిరిట్‌నీ డీజిల్‌గా మార్చేది ఈ సున్నమే తాతా. పని చేస్తుంది కానీ తను కరిగిపోదు. అడుక్కి దిగి కూర్చుంటుంది. కడిగి కాలిస్తే మళ్లీ పనికొస్తుంది" అంది మొదటిరోజు.

"కాల్చేవాడుంటే" అన్నాడు సవరయ్య. ఆ రోజు మొత్తానికి అతను మాట్లాడింది అంతే.

నాలుగేళ్లు గడిచాయి. ఈ రోజు పదింటికి హనుమాన్ జంక్షన్ నుంచి లారీల ఆసామి ప్రేమ్‌చంద్ వస్తున్నాడు. అతను ఈ డీజిల్ కొంటానంటే షెడ్డు నిలుస్తుంది. కాదంటే డ్రమ్ములు పాత ఇనుముకు వేసేస్తానని గోపాలకృష్ణగారు ముందే చెప్పారు.

వెంకటలక్ష్మి టీ క్యాను తెచ్చి మొగుడి పక్కన పెట్టింది.

"చెప్పావా అమ్మాయిగారికి?"

సవరయ్య బట్టీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"నోట్లో సున్నం పోసుకున్నావా ఏంటయ్యా? తిడితే తిడతారు. చెప్పెయ్."

"కానీ, చూద్దాం."

చెప్పాల్సింది గింజల సంగతి. వరదకు అడుగు వరస కానుగ బస్తాలు ఎనిమిది నానిపోయాయి. నానిన గింజ నూనె పులిసి సున్నంతో సబ్బుగా విరుగుతుంది, పారబొయ్యమంది సింధు. అతనికి చేతులు రాలేదు. తడిసిన ధాన్యాన్ని ఎండబెట్టుకోరూ? మొగుడూ పెళ్లామూ చెట్ల సందున గోనెపట్టాలు పరిచి వారం ఎండబెట్టారు. గింజ గలగలమన్నాక మంచి బస్తాల్లో కలిపేశాడు. సింధు పరీక్ష చేసుకున్నది అంతకుముందు ఆడించిన నూనెను. నిన్న గానుగ నుంచి వచ్చిన డబ్బా మూత తీయగానే పులిసిన వాసన అతని ముక్కుకు తగిలింది. అప్పుడైనా చెప్పలేదు. సున్నం గట్టిదైతే లాక్కొస్తుందిలే అనుకున్నాడు.

సున్నం తూచి, డ్రమ్ములో పోసిన ఆ నూనెలో వేసింది సింధు. మూడు గంటలు కలిపారు. పదిన్నరకు ప్రేమ్‌చంద్ ముందే కుళాయి తిప్పింది. ఏమీ రాలేదు. మూత తీస్తే లోపల పసుపుపచ్చని ముద్ద, విరిగిన పాలలా.

ప్రేమ్‌చంద్ వేలితో తీసి నలిపి చూశాడు. "డీజిల్ అని పిలిచి సబ్బు చూపిస్తున్నారేంటమ్మా? లారీలకి తలంటు పొయ్యమంటారా?" నవ్వుకుంటూ కారెక్కాడు.

సింధు సవరయ్య వైపు తిరిగింది. "సున్నం బాగానే ఉందిగా తాతా?"

"బతికే ఉందమ్మా."

ఆ మాట నిజమే. గింజల మాట ఎత్తకుండా డ్రమ్ము మూత అందుకున్నాడు.

"అయితే నా లెక్కే తప్పింది నాన్నా" అంది, పక్కనే నిలబడ్డ తండ్రితో.

"నీ చదువుకో దణ్ణం తల్లీ. ఇక చాలు" అన్నారు గోపాలకృష్ణగారు.

మధ్యాహ్నమంతా సవరయ్య ఆరుబయట డ్రమ్ములోని ముద్దను గోకి పోశాడు. షెడ్డు లోపల సింధు నోటుపుస్తకం ముందేసుకుని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. అతను నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్లాడు. నాలుగుసార్లూ చీపురు పట్టుకుని వెనక్కి వచ్చాడు.

పొద్దువాలుతుండగా సంచి సర్దుకుంది. "హైదరాబాద్ వెళ్తున్నా తాతా. ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటా."

సంచి తన భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచాడు. మలుపులో బస్సు కనిపించింది.

"అమ్మాయిగారూ..."

"చెప్పు తాతా."

ఆమె ఆగింది. నిజంగానే ఆగింది.

"బస్సు రష్‌గా ఉంటదండీ. కిటికీ పక్కన కూర్చోండి."

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు. వెంకటలక్ష్మి ముఖం చూసి ఈసారి అడగలేదు. అన్నం పెట్టింది.

మర్నాడు ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచి షెడ్డుకు వెళ్లాడు. బట్టీ చల్లగా ఉంది. నిన్న తూకం వేయగా మిగిలిన సున్నం డబ్బా బల్ల మీద మూత లేకుండా ఉంది. నాలుగేళ్లలో అతను మూత మరిచిపోయింది నిన్న ఒక్కరోజే. రాత్రంతా మంచు కురిసింది. చిటికెడు తీసి పళ్లెంలో వేసి నీటిచుక్క వదిలాడు. చప్పుడు లేదు. ఇంకో చుక్క వదిలాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

అయినా మూత బిగించాడు. తండ్రి చేసినట్టే గాలి చొరకుండా చుట్టూ తడిమట్టి మెత్తాడు. ప్రతి కాల్పుకూ సింధు ఆ డబ్బా మీద ఒక ముక్క రాసేది. కింద కొత్త వరస ఒకటి కనిపించింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

'ఏడో కాల్పు. సవరయ్య తాత సున్నం మంచిది. తప్పు నాది.'

డబ్బాను కిటికీలో పెట్టాడు. మూత చుట్టూ మట్టి ఇంకా తడిగానే ఉంది.